పదకొండో ఇంటి పాట

"ఏం సారూ, రాసుకునుడేనా? పాడుడు లేదా?"

మా ఊరి కల్లు మండువలో మొదటి రోజే నన్ను అడిగిన మాట ఇది. అడిగినాయనకు డెబ్బై దాటాయి. ఊరంతా ఆయన్ని తాత అనే పిలుస్తుంది, నేనూ అంతే. నేను చేతిలో నోటుబుక్కు, జేబులో ఫోను పెట్టుకుని తాటికమ్మల పందిరి కింద ఒక బండరాయి మీద కూర్చున్నాను. నవ్వి ఊరుకున్నాను. బడిలో ప్రార్థన తర్వాత నేను నలుగురిలో నోరు విప్పి పాడింది లేదు. పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరైనా పాడమంటే "గొంతు బాగాలేదండీ" అని తప్పించుకోవడం చదువుకున్నవాళ్ళం అందరం నేర్చుకున్న విద్యే కదా!

మాది దేవరకొండ నుంచి డిండి పోయే దారి పక్కన ఒక పల్లె. అటు నల్లగొండ, ఇటు పాలమూరు. సంబంధాలు, సంతలు, మాట తీరు రెండు జిల్లాలవీ కలిసిపోయి ఉంటాయి. ఆ పల్లెలో పుట్టి పెరిగి కూడా నేను మండువలో పాట వినడానికి కూర్చున్నది రెండేళ్ళ కిందటే. అదీ నా అంతట నాకు తట్టి కాదు. ఇంగ్లండులో షెఫీల్డులో ఉంటున్న మా అక్క కొడుకు పంపిన ఒక వీడియో వల్ల.

వాడు ఆ ఊరి శివారులో ఒక పబ్బుకు పోయాడట. లోపల ముసలీ ముతకా, ఆడా మగా కిక్కిరిసి నిలబడి చేతిలో గ్లాసులతో పాత పాటలు పాడుతున్నారు. వేదిక లేదు, మైకు లేదు. ఒకరు ఎత్తుకుంటే గది మొత్తం అందుకుంటోంది. అక్కడ నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ మర్నాటి దాకా వారం వారం అలా పాడతారట. అవి క్రిస్మస్ పాటలే. కానీ 19వ శతాబ్దంలో చర్చి పెద్దలు 'ఇవి మోటు పాటలు' అని పక్కకు నెట్టేస్తే, పాడేవాళ్ళు వాటిని పబ్బులోకి తెచ్చుకుని బతికించుకున్నారు. "మామా, మన మండువ లెక్కనే ఉంది. తాత ఇంకా పాడుతున్నడా?" అని రాశాడు వాడు.

పాడుతున్నాడో లేదో నాకు తెలియదు. ఏడు వేలకు పైగా కిలోమీటర్ల అవతల ఉన్న పిల్లాడికి గుర్తొచ్చినాయన, గంటల ప్రయాణంలో ఉన్న నాకు గుర్తు రాలేదు. సిగ్గేసి ఆ ఆదివారమే బస్సెక్కాను.

తాత ఇంకా పాడుతున్నాడు.

మండువ పాట పొద్దున మొదలవుతుంది. గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకుని చెట్లెక్కి లొట్లు దింపుకొచ్చేసరికి ఎనిమిది, ఎనిమిదిన్నర. అప్పుడు కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ పులుస్తుంది. పాటకు మంచి వేళ ఆ నడుమ రెండు గంటలే. పందిరి కింద ఆరేడుగురు కూర్చుంటారు. రాళ్ళు కొట్టే పని చేసి చేతులు మొద్దుబారిన ఒక బావ, డప్పు కొట్టే అన్న, పీర్ల పండుగ పాటలన్నీ నోటికొచ్చిన సాయబు కాక, లొట్లు ఖాళీ అయ్యాక వచ్చి కూర్చునే గౌడన్న, నడుమ తాత. వాయిద్యాలంటే ఒక జత తాళాలు, ఒక ఖాళీ లొట్టి. లొట్టి మీద వేలి ఉంగరంతో దరువు. పందిరి గుంజ దగ్గర ఒక అక్క గంప పెట్టుకుని శనగ గుడాలు, బొబ్బెర గుడాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ అమ్ముతుంది. ఆమె గంప అక్కడ పెట్టబట్టి ముప్పై ఏళ్ళు దాటిందట.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మండువలో అందరూ ఒక్కటే అని రాయడం సులువు. మా ఊళ్ళో ఒకప్పుడు మండువలోనూ ఎవరు కూర్చునే జాగా వాళ్ళదే, ఎవరి డొప్ప వాళ్ళదే. డప్పు అన్న వాళ్ళ నాయన పందిరి అవతల చెట్టు కింద కూర్చుని అక్కడి నుంచే పాట అందుకునేవాడట. మనిషి దూరంగా కూర్చున్నా గొంతు మాత్రం కలవాల్సిందే, లేకపోతే పాట నడవదు. ఇవాళ ఆయన కొడుకు తాత పక్కనే కూర్చుంటాడు.

పాట నడవడం అన్నాను కదా, దానికో పద్ధతి ఉంది. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎత్తుకున్నాయన చరణం చెప్పి ఆపగానే వంత పల్లవి అందుకుంటుంది. ఆ పల్లవి నడుస్తున్నంత సేపూ ఆయన ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం యాది చేసుకుంటాడు, గుక్కెడు కల్లు తాగుతాడు. ఒక మాట మరిచిపోతే వంతలో ఎవరో ఒకరు అందిస్తారు. శ్రుతి ఎక్కువై గొంతు పట్టేస్తే వాళ్ళే కొంచెం కిందికి దించి పాడి ఆయన్ని కిందికి దింపుతారు. బుర్రకథ చూసినవాళ్ళకు ఇది తెలుసు. కథకుడికి అటొకరు ఇటొకరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు లేకపోతే కథకుడు ఒట్టి ఉపన్యాసకుడే. ఒగ్గు కథలోనూ అంతే. మన జానపదంలో ఒంటరి గొంతు అరుదు. పొలంలో నాట్లేసే ఆడవాళ్ళు, బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్ళు, చిరుతలు పట్టుకుని రామాయణం ఆడేవాళ్ళు, పీర్ల గుండం చుట్టూ ఎగిరేవాళ్ళు, అందరిదీ ఎత్తుకునుడు, అందుకునుడే.

తాత దగ్గర ఎన్ని పాటలున్నాయో లెక్క లేదు. సర్వాయి పాపన్న కథ ఒకటి. కల్లుగీత కులంలో పుట్టి, ఖిలాషాపురంలో కోట కట్టి, 1708లో వరంగల్లు మీద, 1709లో మన భువనగిరి మీద పడ్డ మనిషి. 1710లో ఆయన తల తీయించారు. ఆయన మీద పాట మాత్రం ఆగలేదు. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి 1874లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో తెలుగు కథాగేయాల గురించి రాస్తూ పాపన్న పాటను అచ్చువేయించాడు. అంటే అప్పటికే నూటయాభై ఏళ్ళకు పైగా అది నోటి నుంచి నోటికి నడిచిందన్నమాట. తర్వాత పండుగ సాయన్న కథ. ఉన్నోళ్ళను దోచి లేనోళ్ళకు పెట్టిన పాలమూరు బిడ్డ. ఇదే కథను 12 మెట్ల కిన్నెర మీద చెప్పిన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు మండువలో తాత "మన సాయన్నకొచ్చింది పద్మశ్రీ" అన్నాడట.

కానీ నన్ను పట్టుకున్నది ఈ పెద్ద కథలు కాదు. అవి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా లేని పాట ఒకటుంది. దాన్ని వీళ్ళు 'సాగర్ పాట' అంటారు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. నడుమ పన్నెండేళ్ళు ఆ రాతి ఆనకట్టను యంత్రాల కన్నా ఎక్కువగా మనుషులే కట్టారు. తట్టలు, కావళ్ళు, వరసలుగా పరంజా ఎక్కే ఆడవాళ్ళు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడంటారు. సాగర్‌కు మా వైపు నుంచి కూడా పోయారు. కరువు సాలున మా ఊరి నుంచి కొన్ని ఇండ్లు తాళం వేసుకుని పోయాయి. తాత అప్పటికి పన్నెండేళ్ళ పిల్లగాడు, తల్లి వెంట పోయాడు. రాయి మోస్తూ అక్కడివాళ్ళు కట్టుకున్న పాట అది. పోయిన ఒక్కో ఇంటికీ ఒక్కో చరణం. ఆ ఇల్లు ఏం మోసుకుపోయింది, ఎవరిని వదిలిపోయింది, ఎవరి పెళ్ళి ఆగింది, ఎవరి ఎడ్లు అమ్ముడుపోయాయి అన్నదే పాట. రాజు లేడు, యుద్ధం లేదు. చివరి చరణంలో లెక్క వస్తుంది. ఊళ్ళో 11 పొయ్యిలు ఆరిపోయాయని.

నా నోటుబుక్కులో మాత్రం 10 ఇండ్లే ఉన్నాయి.

మొదట నేనే తప్పు రాసుకున్నాననుకున్నాను. మళ్ళీ విన్నాను. పదే. తాతను అడిగితే "ఒకటి పాడం సారూ" అన్నాడు. ఎందుకని అడిగాను. తాళాలు చేతిలోకి తీసుకుని వేరే పాట ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు నా వైపు చూడలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. పాటలు ఎలాగైనా కాపాడాలన్న పట్టుదలతో పన్నెండు ఆదివారాలు ఫోనులో రికార్డు చేశాను. తాత గొంతు స్పష్టంగా రావాలని చిన్న మైకు కొని ఆయన అంగీకి తగిలించాను. పక్కవాళ్ళను "జర మెల్లగ" అన్నాను. ఇంటికొచ్చాక కంప్యూటర్లో పెట్టి దగ్గులు, లొట్టి చప్పుడు, కోళ్ళ అరుపులు తీసేశాను. వంత గొంతులు మైకుకు దూరంగా గందరగోళంగా ఉన్నాయి. పల్లవి ఎట్లాగూ ఒకటే కదా, ఒకసారి ఉంచి మిగతావి కోసేశాను. గంటసేపు పాట ఇరవై నిమిషాల్లో సరిపోయింది. చాలా శుభ్రంగా వచ్చిందనుకున్నాను.

పట్టుకుపోయి మండువలో వినిపించాను. అందరూ విన్నారు. రాళ్ళు కొట్టే బావ తాతను చూసి, నన్ను చూసి, "ఇది ఎవరి పాట సారూ?" అన్నాడు. వెటకారమనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

ఈ తప్పు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. ఇంగ్లండులో 1898లో కేట్ లీ అనే గాయని ససెక్స్ తీరంలోని రాటింగ్‌డీన్ పల్లెకు పోయి, కాపర్ ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములను పిలిపించి, బల్ల మీద విస్కీ సీసా పెట్టి పాడించుకుని రాసుకుంది. 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు సోమర్‌సెట్‌లో ఒక తోటమాలి పనిచేస్తూ పాడుకుంటుంటే విని, అక్కడికక్కడే బాణీ రాసుకున్నాడు. తర్వాత జీవితమంతా అదే పని. వాళ్ళు రాసిపెట్టకపోతే ఎన్నో పాటలు పోయేవి. మనకు బిరుదురాజు రామరాజుగారు 1950ల్లో తెలంగాణ పల్లెలు తిరిగి పాటలు పోగుచేసి పరిశోధన చేయకపోతే, విశ్వవిద్యాలయంలో జానపదానికి పీట వేసేవాళ్ళే లేరు. ఆ రుణం తీరేది కాదు. కానీ కాపర్ల పాటలు ఇవాళ్టికీ బతికున్నది పత్రికలో అచ్చయినందుకు కాదు. ఆ ఇంట్లోవాళ్ళు తరం తర్వాత తరం కలిసి కూర్చుని పాడుతూనే ఉన్నందుకు. 1936లో ఆ ఇంటి జిమ్ కాపర్ మాటలన్నీ చేత్తో ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. మాటలు పుస్తకంలో, బాణీ మాత్రం ఇంటివాళ్ళ గొంతుల్లో. మనవలు ఆ పుస్తకం ముందు పెట్టుకుని కలిసి పాడారు. నేను చేసిన రికార్డింగుతో కలిసి పాడేవాడెవడు?

మా సుద్దాల హనుమంతుగారు పాట కట్టినప్పుడు ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. సాయుధ పోరాట కాలంలో జనంలోకి కొత్త బాణీ పట్టుకుపోలేదు. గొల్లసుద్దుల బాణీ, అందరూ అప్పటికే అందుకోవడం వచ్చిన బాణీ పట్టుకుపోయాడు. అందుకే జనం వెంటనే వంత పాడారు. పాలమూరు గోరటి వెంకన్న పాటకు సభలో వెనక వరసలో కూర్చున్నవాడు కూడా గొంతు కలుపుతాడంటే కారణం అదే. ఆయనకు 2021లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారం ఒక్కరి పేరునే వస్తుంది. పాట మాత్రం ఎప్పుడూ ఒక్కరిది కాదు.

మండువలో పాట ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. టీవీ వచ్చింది, ఫోను వచ్చింది, పెళ్ళికి డీజే వచ్చింది అంటాం. నిజమే. కానీ మా జిల్లాల్లో ఇంకో కారణం ఉంది. అది మందు కల్లు. చెట్టుకల్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ లాంటివి నీళ్ళలో కలిపి కల్లు పేరుతో అమ్మడం మొదలైంది. అలవాటైనవాడికి ఒక్క రోజు దొరక్కపోతే చేతులు వణకడం, పిచ్చిచూపులు, ఫిట్స్. దాడులు జరిగి కల్లు ఆగినప్పుడల్లా పాలమూరు ఆసుపత్రులకు అలాంటివాళ్ళు వరస కట్టడం ఆ జిల్లావాళ్ళకు తెలిసిందే. పక్క మండలంలో ఒక దుకాణంలో గంట కూర్చున్నాను. యాభై మంది ఉన్నారు. ఒక్కరి గొంతూ లేవలేదు. ఎవరి సీసా ముందు వాళ్ళు తల వేలాడేసుకుని కూర్చున్నారు. తిరిగొచ్చి తాతకు చెబితే, "చెట్టుకల్లు తాగినోడు పాడుతడు, మందు కల్లు తాగినోడు పడుతడు. గంతే తేడా" అన్నాడు. కల్లు మంచిదని నేను చెప్పడం లేదు. మండువలో కుదేలైన సంసారాలు నాకూ తెలుసు. పాట కోసం కల్లు తాగనక్కర్లేదు కూడా. సాయబు కాక చుక్క ముట్టడు, గుడాలు తింటూ తెల్లారిందాకా పాడగలడు.

పోయిన శివరాత్రి వెళ్ళిన పది రోజులకు తాత పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు పొద్దున లేవలేదు.

దినాల నాడు ఊరంతా కూడింది. అన్నాలయ్యాక మండువవాళ్ళు పందిట్లో కూర్చున్నారు. సాగర్ పాట పాడాలన్నారు. ఎవరు ఎత్తుకోవాలి? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాభై ఏళ్ళు అందుకున్నవాళ్ళే అందరూ. ఎత్తుకోవడం తాత పని. అప్పుడు నేను ముందుకొచ్చాను. నా దగ్గర రికార్డింగు ఉంది కదా! స్పీకరుకు తగిలించి పెట్టాను.

తాత గొంతు వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొదటి చరణం అయింది. వంత పల్లవి అందుకుంది. కానీ తాత ఆగలేదు. పల్లవి సగంలో ఉండగానే రెండో ఇంటి చరణం మొదలుపెట్టేశాడు. వీళ్ళు తడబడి ఆపారు. మళ్ళీ చరణం అయ్యాక అందుకోబోయారు. ఆయన మళ్ళీ ఆగకుండా మూడో ఇంటికి పోయాడు. బతికుండగా వంత కోసం ఆగని రోజు లేని మనిషి, ఆ రోజు ఎవరి కోసమూ ఆగలేదు. ఆగే చోటల్లా నేనే కోసేశాను కదా. డప్పు అన్న చెయ్యి డప్పు మీదే ఆగిపోయింది. ఫోను ఆపేసి తల దించుకున్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పందిట్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక గోలాల దగ్గర అంట్లు కడుగుతున్న ఆడవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. గుడాల అక్క. చేతులు చీరకు తుడుచుకుంటూ మొదటి ఇల్లు ఎత్తుకుంది. తాత కన్నా కొంచెం పై శ్రుతి, అదే నడక. చరణం చెప్పి ఆగింది. మండువవాళ్ళు ఒక్క క్షణం తటపటాయించి పల్లవి అందుకున్నారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు, నాలుగు, ఐదు. తర్వాత ఆమె పాడిన చరణం నా నోటుబుక్కులో లేదు.

పాలు తాగే బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టి, సత్తుగిన్నె చేతిలో పట్టుకుని సాగర్‌కు పోయిన ఒక ఆడమనిషి చరణం అది. వచ్చేటప్పుడు బిడ్డ కాళ్ళకు వెండి కడియాలు తెస్తానంది. గుడారాల్లో జ్వరమొచ్చింది. ఊరికి తిరిగొచ్చింది సత్తుగిన్నె ఒక్కటే.

చరణం అయ్యాక మగవాళ్ళెవరికీ గొంతు పెగల్లేదు. ఆమె ఆగి ఎదురుచూసింది. సాయబు కాక కళ్ళు మూసుకుని ఒక్కడే పల్లవి అందుకున్నాడు. ఆ తర్వాత అందరూ కలిశారు. పాట చివరి దాకా పోయింది. పొయ్యిల లెక్క సరిపోయింది.

సాయంత్రం ఆమె దగ్గర కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఆమే చెప్పింది.

"గా బిడ్డను నేనే సారూ. మా అమ్మ మొహం నాకెరుక లేదు. ఫోటువ లేదు. అమ్మదని ఉన్నది గా చరణమొక్కటే. చిన్నప్పుడు నాట్లల్ల మా అమ్మమ్మ పక్క పొంటి నిలబడి ఇంటుంటి. నేను మండువ కాడ గంప పెట్టిన కాడికెల్లి తాత దాన్ని పాడుడు బంద్ జేసిండు. నేను ఏడుస్తనని. ఆయన మంచికే జేసిండు. నేనేమో ఇయ్యాల పాడుతడేమో, రేపు పాడుతడేమో అని ఇనుకుంట కూసున్న. అడుగుదమంటె మొగోళ్ళ నడుమ ఏమని అడుగుత?"

ముప్పై ఏళ్ళు! ఆయన ఆమె కోసం పాడలేదు, ఆమె ఆయన పాడతాడని చూసింది. నేను పన్నెండు ఆదివారాలు ఆమెకు మూడు గజాల దూరంలో కూర్చుని, పదకొండో చరణం ఎవరి దగ్గరుందో తెలియక నోటుబుక్కు తిరగేశాను. రోజూ ఆమె దగ్గరే పది రూపాయల గుడాలు కొనుక్కున్నాను. "అక్కా, నీకు పాటలొస్తయా?" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఎందుకంటే ఆమె పాడేవాళ్ళ లెక్కలో లేదు, అమ్ముకునేవాళ్ళ లెక్కలో ఉంది.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి పాటలుంటాయి. రికార్డు చేయండి, తప్పులేదు. కాకపోతే నా అనుభవంతో మూడు మాటలు. మైకు ఒక్కరి అంగీకి తగిలించకండి, అందరి నడుమ పెట్టండి. దగ్గును, కోడిని, లొట్టి చప్పుడును ఉండనివ్వండి. వంత పాడే జాగా మాత్రం చచ్చినా కోయకండి. ఇక పాడేవాళ్ళను అడగడం అయ్యాక, పాడనివాళ్ళను కూడా అడగండి. వంట దగ్గర ఉన్నవాళ్ళను, గంప దగ్గర కూర్చున్నవాళ్ళను, ఎన్నడూ నోరు విప్పనివాళ్ళను. ఇవన్నీ చేసినా పాట దక్కుతుందని హామీ లేదు. దక్కాలంటే మీరు కూడా కూర్చుని అందుకోవాలి. అది తప్పించుకునే దారి నాకైతే దొరకలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున గుడాల అక్కే ఎత్తుకుంటోంది. గంప ముందే ఉంటుంది, పాట నడుమ బేరం కూడా నడుస్తుంది. ఆడమనిషి మండువలో ముందు పాడుడేందని గొణిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన రావడం మానేశాడు. ఇంకొకాయన పందిరి అవతల నిలబడి వింటాడు, పల్లవి దగ్గర పెదవులు కదులుతాయి. నేను పాత రికార్డింగు తీసేయలేదు. తాత గొంతు కదా. దాని పక్కన కొత్తది పెట్టుకున్నాను. అందులో సగం మాటలు అర్థం కావు. ఎవరో పైసలడుగుతున్నారు, ఎవరో దగ్గుతున్నారు, కుక్క మొరుగుతోంది. అయినా మా అక్క కొడుకు షెఫీల్డులో అది పెట్టుకుని వంటింట్లో వంత పాడుతున్నాడట. పల్లవి దగ్గర అది వాడి కోసం ఆగుతుంది మరి.

మొన్న ఆదివారం అక్క ఆరో ఇల్లు, తన తల్లి చరణం, పాడి ఆపింది. మేం పల్లవి అందుకున్నాం. తర్వాతి చరణం ఆమె ఎత్తుకోలేదు. నా వైపు చూసి, "ఏడో ఇల్లు నువ్వు ఎత్తుకో సారూ" అంది. గొంతు బాగాలేదనబోయి ఆగాను. ఎత్తుకున్నాను. రెండో ముక్కకే మాట మరిచిపోయాను. రాళ్ళు కొట్టే బావ అందించాడు. శ్రుతి ఎటో పోయింది. వాళ్ళంతా కలిసి పల్లవి అందుకుని నన్ను మెల్లగా దారికి తెచ్చారు.